నలపని కళ్ళతో గుడ్ ఫ్రైడే

కంటిని చేసి, దానికి రెప్పను కాపలా పెట్టిన దేవునికి స్తోత్రం. ఆ కంట్లో మనకు కనపడనంత సన్నని నరాలు పరిచిన ఆయన జ్ఞానానికి మరీ స్తోత్రం. ఆ నరాల సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది.

చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో వరి కోశాక మినుము వేస్తారు. మినుము నూర్చే రోజుల్లో దుమ్ము చర్చి కిటికీల్లోంచి కూడా వస్తుంది. నా కళ్ళు దురదపెట్టి, ఎర్రబడి, ధారగా కారతాయి. గుడ్ ఫ్రైడే ఆ రోజుల వెనకాలే వస్తుంది. సిలువ శ్రమల వాక్యభాగం మా సంఘంలో నేనే చదవాలి. కిందటేడు సగంలో నా కళ్ళు కారడం చూసి ఆడవాళ్ళ వైపు ఏడుపు మొదలైంది. పరిశుద్ధాత్మ పనిచేస్తోందని పాస్టరుగారు చదవడం ఆపించి ప్రార్థన ఎత్తుకున్నారు. దుమ్మండీ అని నేనంటున్నా ఎవరూ వినలేదు. ప్రభువు కొండ ఎక్కకుండానే ఆ యేటి పఠనం ముగిసింది. ఈసారి ఆఖరి మాట దాకా చదవాలన్నదే నా కోరిక.

అందుకే ముందుగానే బెజవాడ వెళ్ళి కంటి డాక్టరమ్మకు చూపించుకున్నాను. నా బాధ చెబుతుండగానే ఆవిడ చెయ్యి దించమన్నారు. అది అప్పటికే కంటి మీద ఉంది.

"మీరు నలిపినప్పుడల్లా కంటి నరాల కొసలు కొన్ని రసాయనాలు వదులుతాయండీ. అవెళ్ళి అలర్జీ కణాల్ని లేపుతాయి. ఆ కణాలు మళ్ళీ నరాల్ని గిల్లుతాయి. దుమ్ము పోయినా వాటి గొడవ ఆగదు."

మొదలుపెట్టేది దుమ్మే అయినా పెంచి పోషించేది నా చెయ్యేనన్నమాట. చుక్కల మందు రాసిచ్చి, దురదపెడితే చల్లటి తడిగుడ్డ వేసుకోమన్నారు.

కాపలా పని నా భార్య తీసుకుంది. నా చెయ్యి లేస్తే దగ్గేది. చిక్కల్లా చర్చిలోనే. పాస్టరుగారి ప్రార్థన ఓ పట్టాన ముగియదు, అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు, నేను హాయిగా నలుపుకునేది అప్పుడే. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో ఆడవాళ్ళ వైపు నుంచి దగ్గు వినపడింది. ప్రార్థనలో కళ్ళు తెరవచ్చా అని ఇంటికొచ్చాక నిలదీశాను.

"ప్రభువే మెలకువగా ఉండి ప్రార్థన చెయ్యమన్నారు కదండీ. నేను మెలకువగా ఉన్నాను," అంది.

గుడ్ ఫ్రైడే నాడు చుక్కలు వేసుకుని చదవడానికి నిలబడ్డాను. సగంలో ఎడమ కన్ను చురుక్కుమంది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను. దురద పెరిగింది, కాసేపు నిలిచింది, నలపకపోయేసరికి దానంతటదే సన్నగిల్లింది. అక్షరాలు చెదరలేదు. ప్రభువు ప్రాణం విడిచిన మాట దాకా చదివి గ్రంథం మూశాను.

బయట చెప్పులు వేసుకుంటుంటే, సంఘంలో అందరికన్నా పెద్దదైన మామ్మ పెదవి విరిచింది.

"పోయినేడు ఎంత బాగా ఏడ్చావు నాయనా. ఈయేడు ఉత్తినే చదివావు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అయినా ఆఖరుదాకా విన్నాంలే."

చదువుతున్న మీరు కూడా నాతో ఒక్క క్షణం తల వంచండి. తండ్రీ, ఈ దుమ్ము కాలంలో కళ్ళు దురదపెట్టే వాళ్ళందరి చేతులూ నువ్వే పట్టుకో. వైద్యం చేసేవాళ్ళను దీవించు. నీ వాక్యాన్ని చివరిదాకా చదివే చూపు మాకివ్వు. ఆమేన్ అనేటప్పుడు మీ గొంతు కూడా కలపండి.