కాషా పెళ్ళి పూలకిరీటం

ఎటోబికోలో మా పాత అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తూ నిన్న ఒక అట్టపెట్టె విప్పితే ముందు కలరా ఉండల వాసన వచ్చింది, తరువాత ఒక్కొక్కటే బయటపడ్డాయి: నెమలీక గుచ్చిన ఎర్ర టోపీ, ఎరుపూ తెలుపూ చారల ప్యాంటు, గెంతితే గలగలమనే ఇత్తడి రింగుల బెల్టు. పదేళ్ళప్పుడు మా పేటలోని పోలిష్ వలసవాళ్ళ నృత్యబృందంలో నేను వేసుకున్నవి. బృందంలో పదహారుమంది పిల్లలం, ఒక అకార్డియన్, రెండు వయొలిన్లు, అడుగులు నేర్పే హలీనా ఆంటీ.

ఆవిడది మా పక్క ఫ్లాటే. చలికాలం ఆదివారాలు చర్చి కింది హాల్లో, వంటగదిలోంచి ఉడికే క్యాబేజీ, వేగే ఉల్లిపాయల వాసన వస్తుండగా, తడిసిన బూట్లు గోడవారన వరసగా పెట్టి మేం గెంతుతుంటే, ఆవిడ చెక్కనేల మీద మడమతో తాళం వేసేది. ఆడపిల్లల నల్ల జాకెట్లకి ఊడిన పూసలు మా ఇంట్లో కూర్చుని అమ్మ కుట్టిపెట్టేది. ఆంటీ మనవరాలు కాషా పెళ్ళికి పూలకిరీటం, దాని వెనక వేలాడే రంగు రిబ్బన్లు కుట్టిందీ అమ్మే.

పెళ్ళిలో మేం కాషాని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ ఆడాలి. పాట నెమ్మదించాక ఆంటీ ఆ కిరీటం తీసి, ఇల్లాలైనందుకు గుర్తుగా తెల్ల రుమాలు కట్టాలి. ఆరు వారాలు ప్రాక్టీసు చేశాం. అమ్మకి ముందే చెప్పాలని నాకు తోచలేదు.

పెళ్ళిరోజు అదే హాల్లో, ఆంటీ చెయ్యి కిరీటం మీద పడగానే అమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, పెళ్ళికూతురి తల్లో పువ్వులు తీస్తారటండీ! ఒరేయ్, చెప్పరా ఆవిడకి. మొగుడు పోయినవాళ్ళకి చేసే పని అని చెప్పు!"

అకార్డియన్ ఆగింది. ఈ దేశంలో అమ్మకున్న ఒకే ఒక్క స్నేహితురాలు హలీనా ఆంటీ. మొగుడు పోయినవాళ్ళన్న మాట మింగేసి, మిగతాది ఇంగ్లీషులో చెప్పాను: "మావాళ్ళు పెళ్ళయ్యాక ఇంకా ఎక్కువ పువ్వులు పెట్టుకుంటారు, ఆంటీ."

ఆవిడ అమ్మని ఎగాదిగా చూసింది.

"అలాగా? మరి మీ అమ్మ తల బోసిగా ఉందేం?"

నాన్న అక్కడే ఉన్నాడు; ఈ చలిలో మల్లెలు దొరక్కే అమ్మ పువ్వులు పెట్టుకోవడం మానేసింది.

ఆంటీ కాషా కిరీటం తీసి రుమాలు కట్టి, ఆ కిరీటమే తెచ్చి అమ్మ ముడి మీద పెట్టింది. "పువ్వులు ఇల్లాలి తలమీదే ఉన్నాయని చెప్పు."

"ఛ, నాకెందుకండీ, నవ్విపోతారు," అంటూనే అమ్మ కిరీటం జారకుండా రెండు చేతులా పట్టుకుంది. ఆంటీ ఆమెని నడుం పట్టి వలయంలోకి లాక్కెళ్ళింది.

ఇప్పుడు ఆ హాలు లేదు, అక్కడ కండో అపార్ట్‌మెంట్లు కట్టారు. హలీనా ఆంటీ పోయాక బృందమూ మూతపడింది. కాషా పెళ్ళికి ముందు గానీ ఆ తరువాత గానీ అమ్మ ఆడగా నేను చూడలేదు. ఆ సాయంత్రం మూడు పాటలకి ఆడింది.