పాత కోర్టు హాల్లో నా గొంతు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి చదివే రోజుల్లో, మా అమ్మానాన్నల గొడవ విశాఖపట్నం కోర్టుదాకా వెళ్ళింది. నాన్న పోర్టులో పనిచేసేవాడు. ఆయనా నేనూ వన్ టౌన్‌లో మేనత్త ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ తగరపువలసలో పుట్టింటికి వెళ్ళిపోయి ఏడాది దాటింది. నేను ఎవరి దగ్గర పెరగాలో తేల్చే ముందు జడ్జిగారు నన్నే అడుగుతారన్నారు.

ఆ కోర్టు దొరల కాలంలో కట్టింది. మందపాటి గోడలు, నా చేతులు చుట్టూ అందని స్తంభాలు, పొడుగాటి వరండా. ఆ వరండాకి ఒక కొసన నాన్న, అత్త, ఇంకో కొసన అమ్మ, అమ్మమ్మ కూర్చున్నారు. ఒకరి దగ్గరికి వెళ్తే రెండోవాళ్ళు చూస్తారని నేను మధ్యలో ఒక స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను. ఏం చెప్పాలో ఇంటి దగ్గర అత్త నేర్పింది. కోర్టుకి రాగానే అమ్మమ్మ ఇంకోలా నేర్పింది. అంతమంది జనంలో, నీకెలా ఉందని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

భోజనాల వేళ ఒక ప్లీడరమ్మ నా దగ్గర ఆగింది. మా కేసుతో ఆవిడకేమీ సంబంధం లేదు. "ఏటమ్మా, బయమేస్తందా?" అని అడిగి, అత్తతో చెప్పి, నన్ను ఖాళీగా ఉన్న హాల్లోకి తీసుకెళ్ళింది.

పైకప్పు చూడబోతే మెడ నొప్పెట్టింది. దూలాలకి ఇనప కొక్కేలున్నాయి. కరెంటు రాకముందు వాటికి పెద్ద గుడ్డ పంకా వేలాడేదట. దాని తాడు గోడకున్న కన్నంలోంచి బయటికి పోయేదట. వరండాలో కూర్చున్న మనిషి రోజంతా లాగుతూనే ఉండేవాడట, లోపల ఎవరికి ఏ తీర్పు చెప్పారో చూడకుండానే. సముద్రపు గాలి కోసమే కిటికీలు అంత ఎత్తున పెట్టారని చెప్పి, "ఏదీ, గట్టిగా నీ పేరు చెప్పు" అంది ప్లీడరమ్మ. అరిచాను. నా పేరు గోడలకి తగిలి చెదిరిపోయి, నాకే అర్థం కాకుండా తిరిగొచ్చింది.

"సూసేవా? తొందరపడితే ఇక్కడ మాట మీద మాట పడిపోద్ది. కాసేపాగి, మెల్లగా చెప్పు. ఎవరో నేర్పింది కాదు, నీ మనసులోదే చెప్పు."

తర్వాత జడ్జిగారు పిలిచి అడిగారు. నేను ఆగాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు.

"నాను అమ్మ దగ్గరుంటానండి. నాన్నంటే కోపం లేదండి. నాన్నని సూడనిస్తారా?"

సెలవు రోజుల్లో చూడొచ్చన్నారు జడ్జిగారు.

బయటికొచ్చాక నాన్న మొహం చూడడానికి ధైర్యం చాల్లేదు. ఆయనే వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని, కండువాతో నా ముక్కు తుడిచాడు. "నీ మాట నువ్వు సెప్పేవు తల్లీ. నాకేటీ బాధ లేదు" అన్నాడు. బాధ ఉందని ఆయన గొంతే చెప్పింది.

తగరపువలస బస్సులో అమ్మ పక్కన కూర్చున్నా ఆ సాయంత్రం నేను ఒంటరిగానే ఉన్నాను. నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు, నాకు అవలేదు. అయినా ఆ మాట నాదేనన్న సంగతి నన్ను ఇన్నేళ్ళూ నిలబెట్టింది. ఇప్పటికీ అమ్మ కావాలా నాన్న కావాలా అని ఎవరైనా ఒక పిల్లని సరదాకి అడిగితే, నేను నవ్వలేను. ఆ పిల్లని పక్కకి పిలిచి కూర్చోబెట్టుకుంటాను.