కంకరతో తోమిన గాలి సిలిండర్లు

1964 ఎండాకాలం మొదట్లో నన్ను నల్లగొండ జిల్లాలోని ఒక జలాశయానికి వర్క్‌షాప్ సూపర్‌వైజరుగా వేశారు. నేను చేరిన కొద్ది రోజులకే తూము తలుపు మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకుపోయింది. నీళ్ళ అడుగున ఏదో దుంగ అడ్డం పడిందని మా అంచనా. కింద ఆయకట్టులో తబి వరి, అంటే ఎండాకాలపు పంట, పొట్ట మీద ఉంది. కట్టకు ఇవతల నిండా నీళ్ళు, అవతల పొలాలు నెర్రెలిస్తున్నాయి.

దుంగ తీయాలంటే మనిషి అడుగుదాకా దిగాలి. మా దగ్గర ఖాజా మియా అనే ఈతగాడు ఉన్నాడు. ఆలంపూర్ వైపు తుంగభద్రలో పడవలు నడిపిన కుటుంబం. ఎంత ఈతగాడైనా ఊపిరి బిగబట్టి ఆ లోతులో దుంగకు గొలుసు కట్టలేడు. వీపుకు తగిలించుకునే గాలి సిలిండర్లు స్టోరులో రెండున్నాయి. నిబంధన ప్రకారం ఒకటి దిగేవాడి వీపు మీద ఉండాలి, కింద ఏదైనా అయితే ఇంకొకరు దిగడానికి రెండోది గాలి నింపి ఒడ్డున సిద్ధంగా ఉండాలి. నేను ఒకదాని మూత విప్పి బోర్లించి తడితే దోసెడు ఎర్రటి తుప్పు పొడి రాలింది. రెండోదీ అంతే. ఎప్పుడో తడిగాలి నింపి అలాగే వదిలేశారు. ఆ పొడి నోటికి గాలి తెచ్చే గొట్టానికి అడ్డుపడితే నీళ్ళ కింద మనిషికి గాలి అందదు. వేరేవి పంపమని హైదరాబాదుకు కబురు పెట్టాం కాని, ఎప్పుడొస్తాయో చెప్పే నాథుడు లేడు.

సన్నమూతి సీసాలో ఇసుక పోసి ఆడిస్తే మురికి వదులుతుంది. అదే పని యంత్రంతో చేయిద్దామనుకున్నాను. రెండు ఇనుప గొట్టాలకు పాత లారీ ట్యూబు ముక్కలు తొడిగి, పక్కపక్కన బేరింగుల మీద నిలిపాను. ఒక గొట్టాన్ని బెల్టుతో మోటారుకు కలిపాను. సిలిండరులో సగందాకా సన్న కంకర, చాకలి సోడా కలిపిన నీళ్ళు పోసి, మూత బిగించి, గొట్టాల మీద పడుకోబెట్టాం. గొట్టం తిరిగితే సిలిండరూ తిరుగుతుంది.

నాకు పుట్టుకతోనే ఓపిక తక్కువ. త్వరగా తెములుతుందని మొదట వేగంగా తిప్పాను. లోపల చప్పుడే లేదు. వేగానికి కంకర గోడకు అతుక్కుని సిలిండరుతోపాటే తిరుగుతోంది, రాపిడి లేదు. గొట్టానికి పెద్ద చక్రం వేసి వేగం బాగా తగ్గిస్తే అప్పుడు గలగలమంది. అలా నెమ్మదిగా తిరుగుతూనే ఉండాలి, మనం చూస్తూ కూర్చోవాలి. నేను కాలు కాలిన పిల్లిలా షెడ్డు చుట్టూ తిరిగాను. గంటకోసారి ఆపి మూత తీసి చూడాలనిపించేది. తీస్తే మళ్ళీ బిగించడానికి మరికొంత పొద్దు పోయేది.

షెడ్డు ముందు రైతులు కూర్చునేవారు. వాళ్ళలో ఎల్లయ్య అనే ఆయనది ఆయకట్టు చివరి పొలం. ఆయన నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట. "సారూ, రాళ్ళు తిప్పుకుంట కూసుంటె నీళ్ళొస్తయా? ఇంకెన్నొద్దులు గిట్ల?" నాకు చిరాకేసేది. జవాబు తెలియదు కాబట్టి ఇంకా చిరాకేసేది.

మొదటి సిలిండరు శుభ్రపడి నీటి ఒత్తిడి పరీక్షకూ నిలిచింది. రెండోదాన్ని వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి లోపలికి చిన్న బల్బు దించాను. గోడ తళతళలాడుతోంది. అడుగున, నీరు నిలిచిన చోట మాత్రం ఒక నల్ల చుక్క. అసిస్టెంట్ ఇంజనీరు గారు వచ్చి, నీటి పరీక్ష వదిలేసి గాలి నింపితే కాదా అని అడిగారు. పరీక్ష చేస్తే మళ్ళీ కడిగి ఆరబెట్టాలి. ఆయన తప్పు లేదు, కట్ట మీద జనం ఆయన్నే నిలదీస్తున్నారు. సరేనందామని నాకూ నోటిదాకా వచ్చింది. ఆ చుక్క ఒప్పుకోనివ్వలేదు.

సిలిండరు నిండా నీళ్ళు పోసి చేతిపంపుతో ఒత్తిడి పెంచాం. గాలితో పగిలితే దగ్గరున్నవాళ్ళు పోతారు, నీళ్ళతో అయితే కారి ఊరుకుంటుంది. మీటరు ముల్లు మామూలుగా గాలి నింపే ఒత్తిడిని చేరకముందే అడుగున చెమట పట్టింది, తర్వాత దారంలాంటి ధార లేచింది. పక్కనే ఉన్న ఖాజా మియా, "పైన పటారం, లోన లొటారం" అని వేలితో ఆ తడి తుడిచాడు. చెయ్యి దులుపుకుని, "ఒక్కటి చాలు సాబ్. జరసేపట్ల దిగొస్త, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. ఇంట్లో పిల్లలున్న మనిషి. నేను ఒప్పుకోలేదు. ఆయన నిజంగా కోపగించుకున్నాడు.

హైదరాబాదు నుంచి సిలిండరు వచ్చాక ఖాజా మియా దిగి దుంగకు గొలుసు కట్టాడు, తలుపు లేచింది. తూముకు దగ్గరి పొలాలు బతికాయి. చివరివి అప్పటికే ఎండాయి.

కొన్నాళ్ళకు ఎల్లయ్య షెడ్డుకు వచ్చి ఆ కారిన సిలిండరు చూపించమన్నాడు. చూపించాను. వంగి అడుగున ఆ సన్నని చిల్లును వేలితో తడిమాడు.

"గింత పొక్కకేనా సారూ, నా పొలం ఎండింది?"

అవునన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

తుప్పు వదిలించడం అంటే వస్తువును బాగుచేయడం కాదు, అది వాడదగినదో కాదో చూడగలగడం. చూసినవాడు ఉన్నదున్నట్టు చెప్పాలి, దాని నష్టం ఇంకొకరి మీద పడినా సరే. అక్కడ నేను నేర్చుకున్నది ఇదే.