కడగని ఆకులో ఇనుము

డిగ్రీ పూర్తయిన వేసవిలో, తాడిపత్రి దగ్గర మట్టి లేకుండా ఆకుకూరలు పెంచే ఒక షెడ్డులో సాంకేతిక సహాయకురాలిగా చేరాను. ఇప్పుడా ఉద్యోగంలో లేను. షెడ్డు యజమాని ఖాజా అన్న అంతకుముందు బండల పాలిష్ వ్యాపారం చేసేవాడు. పైపుల్లో పారే పోషక ద్రావణంలో ఇనుము కలిపి, పాలకూరకు మామూలుకన్నా ఎక్కువ ఇనుము ఎక్కించడం నాకు అప్పగించిన పని. రక్తహీనత ఉన్న ఆడపిల్లల కోసం అనంతపురంలో ఒక హాస్టల్ వార్డెన్ ఆ కూర అడిగారు. ల్యాబులో తేలితేనే తీసుకుంటామన్నారు. ఆ ఆర్డరు రాకపోతే షెడ్డు మూతపడేదే.

మొదటి రిపోర్టులో ఇనుము మేం ఆశించినదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. ఖాజా అన్న ఆ పూటే వార్డెన్‌కు ఫోను చేయబోయాడు. నాకు మాత్రం ఒకటి అర్థం కాలేదు. మా పాలకూర లేతాకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి, మధ్యభాగం పసుపు తిరుగుతోంది. అది ఇనుము చాలని మొక్క లక్షణం. ఆకులో అంత ఇనుముంటే మొక్కకెందుకు చాలలేదు?

నోరు తెరిచి అడగడం నాకు చేతకాదు. అందుకే ముందు కొన్ని ఆకులను తెల్లటి గిన్నెలో కడిగి చూశాను. నీళ్లు ఎర్రబడ్డాయి. షెడ్డు పక్క మట్టిబాటలో బండల లారీలు తిరుగుతాయి; ఆ దుమ్ము షెడ్డు చుట్టూ కట్టిన నెట్టులోంచి లోపలికి వస్తుంది. ఎర్రమట్టిలో ఇనుముంటుంది. అంగడికి పోయే ఆకును మేం కడగం, తడి తగిలితే దారిలోనే కుళ్లుతుంది. ల్యాబుకు పంపిన ఆకునూ పనివాళ్లు అదే అలవాటుతో, కడగకుండా కోసి కట్టేశారు.

గిన్నె తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను.

"ఏమి పాపా, రిపోర్టు బాగొచ్చినా ఏడ్చేదాన్ని నిన్నే చూసినా," అన్నాడు.

"అది దుమ్ములో ఇనుము అన్నా. హాస్టల్లో కడిగి వండుతారు. పిల్లలకేం మిగల్దు."

ఆయన వేలు ముంచి రుద్ది చూసుకున్నాడు. "బండల కాడ్నుంచి తప్పించుకోని వచ్చినా అనుకుంటి. దుమ్ము ఈడికీ వచ్చిండాదే!" అని, వార్డెన్‌కు ఫోను చేసి ఆకు ఇంకా కుదర్లేదని, కొంచెం టైమియ్యమని అడిగాడు.

కడిగిన ఆకు పరీక్షలో ఇనుము మామూలుకన్నా తక్కువే తేలింది. మేం కలిపింది మొక్కకు అందకపోవడానికి కారణం బోరు నీరు. దాని క్షారగుణం వల్ల మేం కలిపిన ఇనుము కరిగి ఉండక, తుప్పురంగు మడ్డిగా ట్యాంకు అడుగున చేరుతోంది. నీటిలో కొలిచి ఆమ్లం కలిపాం, అలాంటి నీటిలోనూ మడ్డి కట్టకుండా కరిగే ఉండే రకం ఇనుము తెప్పించాం. తర్వాతి కోతకు పసుపు పోయింది. ఈసారి కడిగి పంపిన ఆకులో ఇనుము మొదటి రిపోర్టంత రాలేదు కానీ, మామూలు పాలకూరకన్నా ఎక్కువే వచ్చింది. వార్డెన్ దానికే ఒప్పుకున్నారు.

ల్యాబు మనం పంపినదాన్నే కొలుస్తుంది. తినేవాళ్లకు చేరేదెంతో తెలియాలంటే, ఆకును వాళ్ల వంటింట్లో కడిగినట్టే కడిగి పంపాలి.