తాతయ్య సీసాలో మొక్క

బస్సులో పక్క సీటులోని ముసలాయన నా ఒడిలోని కవరు విప్పి, అందులోని నీటి మొక్కలను వాసన చూశాడు. ఆయన ముఖం మారింది.

మా అక్వేరియంలో ప్లాస్టిక్ మొక్క గీసుకుని గోల్డ్‌ఫిష్ రెక్క చిరిగింది. పిల్లలు ఏడ్చారని, దాని బదులు మెత్తటివి వేద్దామని దమ్మపేటలో బస్సెక్కే ముందు పొలం కాలువలో ఆ మొక్కలు తెంపుకున్నాను.

"మిరపచేను పక్కన తెంపినవా బిడ్డా?"

"అవ్ తాతా."

"మందు కొట్టిన నీళ్లు అవి. గిట్లనే ఏస్తే పొద్దుగాలకు చేప తేలుతది."

"పసుపు నీళ్లల్ల కడుగుతా."

"కూర వండుతున్నవా ఏంది?" అని పకపకా నవ్వాడు. బొగ్గుగనిలో పనిచేసినన్నాళ్లూ ఆయన ఇంట్లో చేపలు పెంచాడట.

గుప్పెడు మొక్కల్లోంచి ఒక్క లేత కొసను గిల్లాడు. తన సీసాలోని తాగే నీళ్లతో దాన్ని రెండుసార్లు కడిగి, మిగిలిన నీళ్లతో సహా ఆ సీసాలోనే వేసి నా చేతికిచ్చాడు.

"రెండు వారాలు చేపకు దూరంగ ఉంచు. రోజూ నీళ్లు మార్చు. కొత్త ఆకులొచ్చినంకనే కలుపు."

అంత ఎండలో ఆయన దిగేదాకా గొంతు తడుపుకోలేదని నాకు ఇల్లు చేరాకే తట్టింది.

మర్నాడు పొద్దున పిల్లలు సీసా చుట్టూ చేరారు. "అమ్మా, ఇప్పుడే చేప దగ్గర ఏద్దామా?"

"కొత్త ఆకులొచ్చేదాక ఆగాలె," అన్నాను. "అప్పటిదాక రోజూ మనం తాగే బిందెల నీళ్లే పొయ్యాలె. ఒక తాత తను తాగకుండ దీనికి పోసిండు."