రెండు తడితే మూడు పలికిన మామిడి పలక

మా నాయన దయ్యమై వచ్చి పలక తట్టాడని మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చెప్పుకుంటున్నారు. ఒక్కరికైనా బుద్ధి ఉందా? మా నాయన బతికే ఉన్నాడు. సరిగ్గా ఆ సమయానికి ఇంట్లో రాగిముద్ద తింటూ, పులుసులో ఉప్పు తక్కువైందని మా అమ్మతో పోట్లాడుతున్నాడు.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. దయ్యాల సంగతి ఎవరెత్తినా నోరు మూయించేదాకా వదలను. అయినా ఇది జరిగింది.

రాయల్పాడు తోటల్లో నరికేసిన మామిడి కొమ్మలను పొట్టు చేసి, జిగురు కలిపి, వేడి ప్రెస్సులో నొక్కి పలకలు చేయడం మా కాలేజీ ప్రాజెక్టు. బజారు జిగురు ఘాటుకు కళ్లు మండుతాయి. అందుకని మామిడి బెరడు ఉడికించి, అందులోని వగరు పదార్థం టానిన్‌తో మేమే జిగురు తయారుచేస్తున్నాం. పలక బరువుకు ఆగితే రాయల్పాడు ఆడవాళ్లకు చిన్న ఫ్యాక్టరీ వస్తుంది. లేదంటే ప్రాజెక్టు మూత. అప్పటిదాకా చేసినవన్నీ విరిగాయి. మిగిలింది ఒక్కటే.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో నేను, టేకల్ నుంచి వచ్చే నా సహోద్యోగి స్టెల్లా, ఫ్యాక్టరీ మీద ఆశ పెట్టుకున్న రాయల్పాడు రత్నమ్మ ఉన్నాం. చల్లారిన పలకను పరీక్ష యంత్రం మీద పెట్టి, అలవాటుగా వేలితో రెండుసార్లు తట్టాను. గని మూతపడేదాకా మా నాయన పని అందులో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ప్రతి దుంగనూ తట్టి వినేవాడు. ఆ అలవాటే నాకూ వచ్చింది.

పలకలోంచి మూడు చప్పుళ్లు వచ్చాయి.

“స్టెల్లా, ఆటలొద్దు.”

“నా రెండు చేతుల్లో టీ గ్లాసులుండాయి, కండ్లు లేవా నీకు?”

మళ్లీ రెండు తట్టాను. మళ్లీ మూడు. యంత్రం ప్లగ్గు కూడా పెట్టలేదు. కింద వంగి చూశాను. ఏమీ లేదు.

“పలకరింపులు చాలు గానీ, ఇంగ బరువు పెట్టమ్మా. నాకు బస్సు పోతాది,” అంది రత్నమ్మ.

ప్లగ్గు పెట్టి, బరువు ఎక్కించాం. ముల్లు మాకు కావలసిన గీత దాటింది. పలక చెక్కుచెదరలేదు. స్టెల్లా టీ అంతా నా చీర మీద. బస్సు పోయింది, రత్నమ్మ మాత్రం ఇంకా ఎగురుతూనే ఉంది!

సాయంత్రం నాయనకు చెప్పాను. వెక్కిరిస్తాడనుకున్నాను.

“నువ్వు ఎన్ని కొట్టినావు? ఎన్ని వచ్చినాయి?”

“రెండు కొడితే మూడు.”

ఆయన ముఖం వెలిగిపోయింది. “ఒకటి ఎక్కువొచ్చిందంటే లోపలుండేవాడు బతికుండాడని అర్థం, అమ్మా. బండ కూలి ఎవరైనా చిక్కుకుంటే మా గ్యాంగులో అట్లే కొట్టేది. ఉత్త మారుమోత అయితే ఎన్ని కొడితే అన్నే గదా.”

ఈ మాట ఆయన నాకెన్నడూ చెప్పలేదు. స్టెల్లాకూ రత్నమ్మకూ గని లోపలి సంగతులే తెలియవు. ఆ మామిడి కొమ్మ భూమి లోపలికి దిగిందే లేదు. పలక ఆరుతూ టక్కుమందంటారా? టక్కుమనే పలకకు లెక్క కూడా వస్తుందా?

మరునాడు నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాబ్‌కు వచ్చాడు. పలక తట్టి చెవి ఆనించాడు. నాకేమీ వినబడలేదు. ఆయన మాత్రం పకపకా నవ్వి, ఇంకోసారి తట్టి, “సరేప్పా, విన్నాంలే,” అన్నాడు.

ఫ్యాక్టరీ షెడ్డు లేస్తోంది. నేను మాత్రం రోజూ ఆయనతో పోట్లాడుతున్నాను. చెప్పడు, నవ్వుతాడు. ఇంతకీ “అప్పా” అని ఆయన పిలిచింది ఎవరిని?