నీళ్ళత్త దీవికి వెళ్ళిన రోజు

మా మేనత్త పోయి ఈ రోజుకి పద్దెనిమిది రోజులు. పొద్దున కాఫీ తాగి, వీధి కుళాయిలో నీళ్ళు వచ్చాయో లేదో చూసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. ఇక లేవలేదు. ఎదురింటి అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఊరి చివర మేట్టుపాళయంలో, పని చేసే గోడౌన్‌లో లారీకి సరుకు ఎక్కిస్తున్నాను. "నీళ్ళత్త పోయింది పాపా, బండి మెల్లగా తోలుకోని రా" అంది అక్క. మెల్లగానే వెళ్ళాను. తొందరపడి చేరుకోవడానికి అక్కడ ఏముంది ఇంక.

రెడ్డియార్‌పాళయంలో మా వీధివాళ్ళు ఆమెని పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. తమిళం వాళ్ళకి తణ్ణి అక్క, మా తెలుగు ఇళ్ళకి నీళ్ళత్త. మామ చిన్న వయసులోనే పోతే ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. ముప్పై ఏళ్ళు ట్యాంకు దగ్గర వాల్వు తిప్పింది. తెల్లవారి ఐదున్నరకి మా వీధికి, ఆరుంపావుకి వెనక వీధికి, ఆ తరవాత మిట్ట మీది ఇళ్ళకి. మిట్ట మీదికి నీళ్ళు ఎక్కడం కష్టమని వాళ్ళకి పది నిమిషాలు ఎక్కువ వదిలేది. పైఆఫీసరు అడిగితే గడియారం నిదానంగా తిరుగుతోందని చెప్పేది. "చివరింటి బిందె నిండేదాకా నీళ్ళు వదిలినట్టు కాదు పాపా" అని నాతో అనేది. పైపు మీద చెవి పెట్టి, నీళ్ళు ఎంతవరకు పోయాయో, ఎక్కడ గాలి పట్టిందో చెప్పేసేది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే ఛాతీ మీద కూడా అలాగే చెవి పెట్టి వినేది.

అమ్మ ఉద్యోగానికి వెళ్ళేది కాబట్టి నేను పెరిగింది ఆమె దగ్గరే. ఆమె గురించి మంచి మాటలు రాయడం నాకు తేలిక. కాని ఒక రోజు, ఇక్కడికి చాలా దూరంలో, పది మంది ముందు నేను ఆమెని ఎరగనన్నాను. అది ఆమె చెవిన పడిందా లేదా అన్న ఆలోచన నాలుగేళ్ళు నన్ను తినేసింది. అడగడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు.

నాలుగేళ్ళ కిందట నేను, నా స్నేహితురాలు వీపు మీద బ్యాగులు వేసుకుని మూడు వారాలు యూరప్ తిరగాలనుకున్నాం. టికెట్లు కొనే ముందు ఆ పిల్ల మానేసింది. నేను ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చుంటే, కొత్తగా రిటైరైన అత్త, "నేను వస్తా ఉండా, పద" అంది. పాస్‌పోర్టు ఎక్కడిదని అడిగాను. ఎప్పుడో తీసి పెట్టుకుందట. ఎందుకంటే, సుమ్మా అంది. ఉత్తినే అనడానికి మా ఊళ్ళో అదే మాట. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు కాబట్టి మా చుట్టుపక్కల ఇళ్ళల్లో అందరికీ ఫ్రాన్సులో ఎవరో ఒకరున్నారు, అత్తకే ఎవరూ లేరు. ఎవరూ పిలవకపోయినా పాస్‌పోర్టు తీసి పెట్టుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

చీర కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళు పైకి దోపి, కాళ్ళకి నా పాత బూట్లు, వీపు మీద ఎర్ర బ్యాగు. హాస్టల్లో కింది మంచం ఆమెది, పై మంచం నాది. మూడో రోజుకల్లా హాస్టల్ వంటింట్లో మిరియాల చారు కాచి, జలుబు చేసిన ఎవరో పొడుగాటి కుర్రవాడికి గ్లాసులో పోసి దగ్గరుండి తాగించింది. గుడులు, బొమ్మలు నేను చూశాను. ఆమె ప్రతి ఊళ్ళోనూ వీధి కుళాయి దగ్గర ఆగి దోసిలి పట్టి, ఒక గుక్క తాగి తీర్పు చెప్పింది. రోమ్‌లో నీళ్ళు బాగుండాయి, కొండ నీళ్ళు. నేపుల్స్‌లో కొంచెం జిడ్డు. నేను ఫొటోలు చూపించినట్టు ఆమె ఇంటికొచ్చాక ఈ నీళ్ళ రుచులన్నీ వీధి వీధికీ చెప్పింది.

నేపుల్స్ నుంచి ఒక రోజు పడవెక్కి దగ్గర్లో ఉన్న చిన్న దీవికి వెళ్ళాం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలని లెక్క. దాని పేరు అత్తకి నోరు తిరగలేదు, ఆఖరిదాకా దీవిని తమిళంలో "ఆ తీవు" అనే అంది. రేవు పక్కన గులాబి, పసుపు రంగుల ఇళ్ళు, వాటి కింద మూడు నాలుగు హోటళ్ళు, ఒక క్షౌరశాల, ముందు వలలు ఆరేసుకుంటున్న మనుషులు. నేను ఫోన్ తీసి రంగులు చూసుకుంటున్నాను. అత్త మాత్రం చుట్టూ ఉన్న సముద్రాన్ని చూసి, "అడుగు పాపా, ఈళ్ళకి తాగే నీళ్ళు యాడ్నించి వస్తాయో" అంది. నాకేం తెలుసు, తరవాత అడుగుదాంలే అన్నాను.

సముద్రంలో మునిగొచ్చిన వాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి రేవు చివర ఒక కుళాయి ఉంది. దాని కింది అతుకు ఊడి నీళ్ళు ధారగా రాళ్ళ మీదికి పోతున్నాయి. ఎండలో జనం ఆ తడి దాటుకుంటూ పోతున్నారు. అత్త నిలబడిపోయింది. ఇద్దరు ముగ్గురికి చెయ్యి చూపించింది, వాళ్ళు నవ్వి పోయారు. ఐస్‌క్రీం తెస్తానని నేను అటు వెళ్ళాను. అక్కడే తప్పు చేశాను.

నేను వచ్చేసరికి అత్త పైపు వెంట అడుగులు వేసుకుంటూ పోయి, ఒక ఇనప మూత కనిపెట్టి, ఎత్తి, లోపలి చక్రం బిగించేసింది. ధార ఆగింది. బూటుతో మూత సర్దేసి, చేతులు దులుపుకుని, "ఎంత నీళ్ళు పోతా ఉండాయో చూడు, అడిగే నాథుడు లేడు" అంది. నేను కూడా మెచ్చుకున్నాను. ఆ చక్రం ఆ ఒక్క కుళాయిదే కాదని, రేవు మొత్తానిదని మా ఇద్దరికీ తట్టలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ. ముందు ఒక హోటల్లోంచి వంటాయన బయటికొచ్చి పక్క హోటల్ని కేకేశాడు. ఆ హోటల్లోంచి ఇంకొకాయన. తరవాత క్షౌరశాలలోంచి తలనిండా నురగతో, మెడకి తువ్వాలుతో ఒక పెద్దమనిషి కళ్ళు మూసుకుని తడుముకుంటూ వచ్చాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వలలు ఆరేసుకుంటున్న వాళ్ళలో ఒకతను ఎర్ర బ్యాగు వైపు వేలు చూపించాడు. ఈలోగా యూనిఫాం వేసుకున్నాయన వచ్చాడు. అత్త ఆ మూత పక్కనే, తప్పు చేసిన మనిషిలా కాదు, డ్యూటీలో ఉన్న మనిషిలా నిలబడి ఉంది.

ఆయన నా దగ్గరికొచ్చి ఇంగ్లీషులో, ఆమె మీతో వచ్చిందా అని అడిగాడు.

నేను "నో" అన్నాను.

ఎందుకన్నానంటే, పోలీసంటే భయం, పాస్‌పోర్టు లాక్కుంటారని భయం. ఈ మాట ఈ నాలుగేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ చీర, ఆ బూట్లు, ఆ నురగ తలకాయ, చుట్టూ నవ్వే మొహాలు. నాకు సిగ్గేసింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషిని చూసి సిగ్గేసింది. అని ఊరుకోలేదు, సముద్రం వైపు తిరిగి ఫొటో కూడా తీశాను. అత్త నాకు నాలుగు బారల దూరంలో ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. కాని ముప్పై ఏళ్ళు సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషికి నో అనే మాట తెలియదా.

మూడు చక్రాల చిన్న బండిలో ఒక ముసలాయన రావడంతో గొడవ సద్దుమణిగింది. ఆ దీవి నీళ్ళ మనిషి ఆయనే. మూత తీసి చూశాడు, కుళాయి అతుకు చూశాడు, అత్తని చూశాడు. ఆయన చక్రం ఒక్కసారిగా తిప్పబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగా అయ్యా, గాలి పట్టి ఉంటాది, పైపు పగులుతాది" అంది మన తెలుగులోనే. ఆయన ఒక్క క్షణం చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. అత్త మోకాళ్ళ మీద కూర్చుని పావు తిప్పు తిప్పింది, చెవి పెట్టింది, ఆగింది, మళ్ళీ పావు తిప్పింది. హోటల్లో కుళాయిలు దగ్గి, ఉమ్మి, చివరికి పారాయి. నురగ తలకాయ లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత వాళ్ళిద్దరూ రబ్బరు ముక్క చుట్టి ఆ అతుకు కట్టారు. ఆయన ఆయన భాషలో, ఈమె ఈమె భాషలో అరగంట మాట్లాడుకున్నారు. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో అత్త ఆయన్నే అడిగింది. ఆయన అటు ఒడ్డు చూపించి, అరచెయ్యి సముద్రం కిందుగా పోనిచ్చి, ఇటు పైకి తేల్చాడు. అత్త నోరు తెరిచింది. నేను అప్పుడు, అన్నీ సర్దుకున్నాక, వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. అత్త మొహంలో ఏ మార్పూ లేకుండా, "చూసినావా పాపా, సముద్రం అడుగున పైపంట" అంది. ఆయనిచ్చిన రెండు పెద్ద నిమ్మకాయలు నా బ్యాగులో వేసింది. ఇంకేమీ అనలేదు. వినలేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయి.

మా ఇళ్ళల్లో తెలుగు మాటలకే గాని రాతకి లేదు. అత్త సంతకం తమిళంలో పెట్టేది. హైదరాబాదులో ఉద్యోగం చేసిన మూడేళ్ళలో నేను అక్షరాలు నేర్చుకుంటే, మన మాటకి కూడా రాత ఉండాదా అని వేళాకోళం చేసేది. ఆ అక్షరాలతోనే ఆమె బతికుండగా ఒక ఉత్తరం రాసి చదివి వినిపించి ఉండొచ్చు. చెయ్యలేదు.

పదకొండో రోజు ఇంటినిండా జనం. మిట్ట మీది ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చారు. నేను గ్లాసులు అందిస్తుంటే ఎదురింటి అక్క నా భుజం పట్టుకుని అందరికీ చూపించింది. "ఈ పాపే. ఆ తీవులో పోలీసు వచ్చి అడిగితే అత్త చెయ్యి పట్టుకోని, ఈమె మా అత్త, ఏమి చేసేదైనా నన్ను చెయ్యండి అనిందంట. అంత మందిలో. నీళ్ళత్త ఎన్ని సార్లు చెప్పిందో." మిట్ట మీదివాళ్ళు తలలూపారు. వాళ్ళకీ తెలుసు. వీధి మొత్తానికి తెలుసు.

కాదని చెప్పాల్సింది. గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆమె విన్నది. వినకపోయుంటే ఆ కథ మార్చి చెప్పాల్సిన పనే లేదు. విని, నా తప్పు ఎవరి నోటా పడకుండా, నేను చెయ్యని మంచిపని ఊరంతా చెప్పి వెళ్ళింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను. ఆ పాప అలా అనలేదు.

దీవి నుంచి ఆ సాయంత్రం తిరుగు పడవలో మేము పై అంతస్తులో, బెంచీ చివర కూర్చున్నాం. సముద్రం తొణక్కుండా ఉంది, ఎండ పల్చబడింది. అప్పుడు అత్త నా వైపు చూడకుండానే చెయ్యి చాపింది.

"పట్టుకో పాపా. పడవ ఊగతా ఉండాది" అంది.

పడవ ఊగడం లేదు. ముసలిప్రాణం భయపడిందనుకుని పట్టుకున్నాను. రేవు వచ్చింది, తాడు కట్టారు, మెట్లు దించారు, అందరూ బ్యాగులు సర్దుకుని దిగిపోయారు. అత్త వేళ్ళు నా వేళ్ళని వదల్లేదు. ఖాళీ పడవలో మేమిద్దరం ఇంకా అలాగే కూర్చుని ఉన్నాం.